మొదటి సాలార్‌జంగు – వాడి రైలుమార్గము

సాలార్‌జంగు పేరు వినగానే మన విద్యార్థులకు జ్ఞప్తికి వచ్చునది మ్యూజియము. అందలి వస్తువులను అధికముగా సేకరించినవారు మూడవ సాలార్‌జంగు. మేమిచ్చట స్మరింపదలచినది ఆయన తాతగారిని.

మీర్ తురాబ్ అలీ ఖాన్ 1829లో జన్మించినారు. 1853లో తండ్రి సోదరుడు సిరాజుల్ ముల్క్ మరణింపగా, ఇరువది నాలుగేండ్ల వయస్సున హైదరాబాదు దివాను పదవిని స్వీకరించినారు. అంతకు కొద్ది దినముల ముందే, కంటింజెంటు సైన్యపు వ్యయము క్రింద, బీరారు, రాయచూరు, ధారాశివము ఆంగ్లేయుల అధీనమునకు పోయినవి. ఖజానా శూన్యము. గుత్తదారులను తొలగించి, 1865లో జిల్లాల నేర్పరచి, ఆయన పాలనను చక్కదిద్దినారు. 1857లో రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు ఆంగ్లేయుల పక్షమున నిలిచినారు. ఆ నిర్ణయమును మేము సమర్థింపజాలము; కాని దానితోనే ఆయనను కొలిచి ఊరకుండుటయు న్యాయము కాదు.

రైలుమార్గముల విషయమే చూడుడు. బొంబాయి నుండి మద్రాసుకు పోవు మార్గము నిజాము రాజ్యపు నైరుతి భాగముగుండా సాగి, 1871లో రాయచూరు చేరినది. పట్టాలు పరచిన ఆ నేలపై న్యాయాధికారము ఆంగ్లేయులకు దఖలు పడినది. నేల నిజాముది, దానిపై నేరము జరిగినచో విచారణ పరులది! 1802 నాటి వాణిజ్యపు ఒడంబడిక సరిహద్దు దాటు సరకులపై సుంకమును నూటికి అయిదుకు పరిమితము చేసియుండెను. ఇప్పుడు బాటయు చేజారినచో ఇక మిగులునదేమి?

ఆంగ్లేయులకు సికింద్రాబాదు దండుకు రైలు కావలెను. కాదనుటకు దివానుకు బలము లేదు. కావున వాడి నుండి సికింద్రాబాదుకు సుమారు 120 మైళ్ళ మార్గమును సంస్థానపు ధనముతోనే నిర్మింపజేయ నంగీకరించినారు. ఆ మార్గము 1874 అక్టోబరులో తెరువబడినది. పర్యవేక్షణము ఆంగ్లేయులదే అయినను, యాజమాన్యము సంస్థానమునకు దక్కినది. ఆపజాలని బండికి కనీసము యజమానిగా నుండుటయే ఆయన ఉద్దేశమని మా ఊహ.

బీరారు కథ మరింత విషాదకరము. ప్రత్తికి పేరొందిన ఆ సీమగుండా బొంబాయి–నాగపూరు మార్గము 1867 నాటికే పూర్తియైనది. ప్రత్తి మూటలు నేరుగా బొంబాయి రేవునకు తరలుచున్న ప్రాంతమును ఎవరు విడిచిపెట్టుదురు? కంటింజెంటు వ్యయమునకు నగదు ధరావతు నిచ్చెదము, బీరారును మరలింపుడని 1872లో ఆయన కోరినారు, ఫలితము లేదు. 1876లో ఇంగ్లండు ప్రయాణమైనారు. త్రోవలో పారిసు నగరమున జారిపడి తొడ యెముక విరిగినను వెనుదిరుగలేదు. ఆక్స్‌ఫర్డు గౌరవ పట్టమిచ్చినది, లండను సత్కరించినది. బీరారు మాత్రము రాలేదు.

1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన మరణించినారు. ఆ యేడాదిలోనే రైలుమార్గమును లండను కంపెనీ కప్పగించు ఒప్పందము కుదిరినది. కంపెనీ పెట్టుబడిపై వడ్డీకి సంస్థానము హామీ. ఈ చాందా రైల్వే పథకమును ప్రశ్నించినందుకు సరోజినీదేవి తండ్రి అఘోరనాథ చట్టోపాధ్యాయులు నగర బహిష్కృతులైనారు. మార్గము 1889లో బెజవాడ చేరినది. దానిని కంపెనీ నుండి సంస్థానము మరల కొనుగోలు చేసినది 1930లో.