హిమగిరులకు రంగులద్దిన రష్యా చిత్రకారుడు నికొలస్ రోరిక్

హిమాచల్ ప్రదేశ్‌లోని కులు లోయలో, బియాస్ నదికి ఎగువన నగ్గర్ అనే గ్రామం ఉంది. దేవదారు వనాల నడుమ ఉన్న ఆ ఊరిలో తన జీవితపు చివరి రెండు దశాబ్దాలు గడిపి, మంచుకొండల సౌందర్యాన్ని ప్రపంచానికి చూపిన చిత్రకారుడు నికొలస్ రోరిక్. రష్యాలో పుట్టిన ఆయన భారతదేశంలోనే కన్నుమూశారు. ఆయన గీసిన చిత్రాలు సుమారు ఏడు వేలు. వాటిలో పెద్ద భాగం హిమాలయాలదే.

రోరిక్ 1874 అక్టోబరు 9న సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జన్మించారు. బాల్యంలో సెలవులు ఇజ్వారా అనే పల్లెలోని కుటుంబ ఎస్టేటులో గడిచేవి. శీతకాలపు అడవి, వేట, ఆ చుట్టుపక్కల ఉన్న ప్రాచీన సమాధి దిబ్బల తవ్వకాలు ఆయనకు చిన్ననాడే పరిచయమయ్యాయి. తండ్రి కోరిక మేరకు న్యాయశాస్త్రం చదువుతూనే, కళల అకాడమీలోనూ చేరారు. అక్కడ ఆయన గురువు, వెలుగును చిత్రించడంలో దిట్ట అయిన ఆర్కిప్ కుయింజీ. 1913లో పారిస్‌లో ప్రదర్శించిన స్ట్రావిన్‌స్కీ బ్యాలే 'ది రైట్ ఆఫ్ స్ప్రింగ్'కు రంగాలంకరణ, దుస్తుల రూపకల్పన చేసింది రోరిక్కే.

కట్టడాల నుంచి కొండలకు

1903, 1904 సంవత్సరాల్లో భార్య హెలీనాతో కలిసి ఆయన రష్యాలోని పురాతన పట్టణాల్లో పర్యటించారు. చర్చిలు, కోటగోడలను వరుసగా చిత్రించారు. వాటిలో ఎన్నో ఆలనాపాలనా లేక శిథిలమవుతున్న తీరు ఆయనను కలవరపరిచింది. కళాసంపదకు చట్టపరమైన రక్షణ కావాలన్న ఆలోచన అప్పుడే మొదలైంది.

ఊపిరితిత్తుల వ్యాధి కారణంగా విప్లవకాలంలో ఆయన కుటుంబం ఫిన్లాండ్‌లో ఉంది. సరిహద్దు మూతపడటంతో స్వదేశపు దారి మూసుకుపోయింది. లండన్, న్యూయార్క్‌ల మీదుగా 1923 డిసెంబరులో వారు భారతదేశం చేరారు. సిక్కింలో కాంచనజంగ దర్శనంతో రోరిక్ చిత్రకళ కొత్త మలుపు తిరిగింది. మరుసటి ఏడాది గీసిన 'రిమెంబర్' అనే చిత్రంలో ప్రయాణానికి బయలుదేరిన ఒక రౌతు ఇంటివైపు వెనుదిరిగి చూస్తుంటాడు. వెనుక తెల్లని పర్వతం. ఇల్లు విడిచి వెళ్లినవాడి మనసు ఆ చూపులో కనిపిస్తుంది.

1925లో ఆయన బృందం కశ్మీర్, లద్దాఖ్‌ల మీదుగా మధ్య ఆసియా యాత్రకు సాగింది. కారకోరం కనుమలు, ఆల్తాయ్ పర్వతాలు, మంగోలియా, గోబీ ఎడారి దాటి టిబెట్ చేరింది. అక్కడ అధికారులు వారిని ముందుకు కదలనివ్వలేదు. 1927 అక్టోబరు నుంచి అయిదు నెలలపాటు, గడ్డకట్టే చలిలో, చాలీచాలని ఆహారంతో గుడారాల్లోనే గడపవలసి వచ్చింది. బృందంలో అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. మోతపశువులూ పెద్దసంఖ్యలో చనిపోయాయి. రోరిక్ చిత్రాల్లోని మంచు దూరం నుంచి చూసి మురిసినది కాదు, ప్రాణాలు బలిగొన్న మంచు.

టెంపెరా రంగుల్లో ఉదయాస్తమయాలు

నగ్గర్‌లో స్థిరపడ్డాక ఆయన ఎక్కువగా టెంపెరా రంగులనే వాడారు. నూనె రంగులకుండే మెరుపు వీటికి ఉండదు. పలుచని కొండగాలిలో కనిపించే నీలం, ఊదా, గులాబి ఛాయలకు ఈ మాధ్యమం చక్కగా అమరింది. శిఖరాలు చిత్రమంతా ఆక్రమిస్తే, మనిషి ఒక మూల చిన్న ఆకారంగా మిగులుతాడు. హిమాలయ జీవరాశి, ఔషధ మొక్కలు, భాషల అధ్యయనం కోసం 1928లో ఈ కుటుంబం 'ఉరుస్వతి' అనే పరిశోధన సంస్థను కూడా స్థాపించింది.

బ్రిటిష్ ప్రభుత్వం ఆయనను సోవియట్ గూఢచారిగా అనుమానించింది. అయినా ఆయన తన సంకల్పాన్ని వీడలేదు. యుద్ధంలోనూ, శాంతికాలంలోనూ మ్యూజియంలు, విద్యాలయాలు, స్మారక కట్టడాలను కాపాడాలనే 'రోరిక్ ఒడంబడిక'పై 1935 ఏప్రిల్ 15న వాషింగ్టన్‌లో అమెరికా ఖండాలకు చెందిన 21 దేశాలు సంతకం చేశాయి. తెల్లని గుడ్డపై ఎర్రని వలయం, అందులో మూడు ఎర్ర బిందువులు దాని పతాక చిహ్నం. 1954 నాటి హేగ్ ఒప్పందానికి ఇది ముందడుగు.

1942లో నెహ్రూ, ఇందిర నగ్గర్‌లో ఆయనకు అతిథులయ్యారు. చిత్రకారుడైన చిన్న కుమారుడు స్వెతొస్లావ్ 1945లో ప్రసిద్ధ నటి దేవికారాణిని వివాహమాడారు. ఆమె జన్మస్థలం విశాఖపట్నం.

యుద్ధం ముగిశాక స్వదేశానికి తిరిగి వెళ్లాలని రోరిక్ ఆశించారు. ఆ అనుమతి అందకుండానే 1947 డిసెంబరు 13న నగ్గర్‌లో తుదిశ్వాస విడిచారు. మంచుకొండలు ఎదురుగా కనిపించే చోట ఆయనకు దహన సంస్కారం జరిగింది. అక్కడ ఒక శిలను స్మారకంగా నిలిపారు. ఆయన చిత్రాలను భారత ప్రభుత్వం జాతీయ కళాసంపదగా గుర్తించింది. వాటిని దేశం దాటించడానికి వీల్లేదు. ఇతర జాతుల కళాసంపదకు రక్షణ కోరిన చిత్రకారుడి కృషికి, ఆయన ఆశ్రయం పొందిన దేశమే ఇలా రక్షణ కల్పించింది.