కాన్పూరు మిల్లుల మాక్‌రాబర్ట్



వార్షికోత్సవ సంచిక అనగానే మహనీయుల జీవిత విశేషాలు రాయడం మనకు ఆనవాయితీ. ఈసారి మేము ఒక విదేశీయుని ఎంచుకున్నాము. ఆయన బాల్యం మన బాల్యం లాంటిది. ఆయన సంపద వెనుక చెమట మన తాతముత్తాతల చెమట లాంటిది. అందుకే ఆయన కథ మనం చదవాలి.

అలెగ్జాండర్ మాక్‌రాబర్ట్ 1854లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఒక పేద కుటుంబంలో పుట్టారు. 12 ఏళ్లకే బడి మానేసి స్టోనీవుడ్ కాగితపు మిల్లులో నేల ఊడ్చే పనిలో చేరారు. పగలు పని, రాత్రి చదువు. సాయంత్రం తరగతుల్లో రసాయన శాస్త్రం నేర్చుకుని, తర్వాత తానే అలాంటి తరగతులకు పాఠాలు చెప్పారు. ఆ చదువే ఆయనకు దారి చూపింది.

1884లో కాన్పూరు ఉన్ని మిల్లుకు మేనేజరుగా మన దేశానికి వచ్చారు. లాల్ ఇమ్లీ పేరుతో ఇంటింటా తెలిసిన ఉన్ని బట్టలు ఆ మిల్లువే. 1920లో ఉన్ని, నూలు, తోలు కంపెనీలతో సహా ఆరు కంపెనీలను కలిపి బ్రిటిష్ ఇండియా కార్పొరేషన్ స్థాపించారు. పంజాబులోని ధారీవాల్ ఉన్ని మిల్లు, సైన్యానికి బూట్లు కుట్టిన కూపర్ అలెన్ కంపెనీ అందులోవే. 1910లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది.

మొదటి భార్య జార్జీనా 1905లో క్యాన్సర్‌తో మరణించగా, ఆమె పేరుతో కాన్పూరులో ఆసుపత్రి, అబర్డీన్‌లో క్యాన్సర్ పరిశోధనకు ఫెలోషిప్ ఏర్పాటు చేశారు. కార్మికులకు ఇళ్లు కట్టిన మాక్‌రాబర్ట్‌గంజ్ ఆయన పేరునే నిలుపుకుంది. 1922లో ఆయన మరణించారు.

రెండవ భార్య రేచల్ భూగర్భ శాస్త్రవేత్త. వారి ముగ్గురు కొడుకులూ విమానయానంలోనే ప్రాణాలు కోల్పోయారు: పెద్దవాడు 1938లో ప్రమాదంలో, మిగతా ఇద్దరూ 1941లో యుద్ధంలో. ఆ తల్లి బ్రిటిష్ వైమానిక దళానికి బాంబర్ విమానం కొనడానికి 25,000 పౌండ్లు ఇచ్చింది. 1943లో కుటుంబ ఆస్తితో ధర్మనిధి నెలకొల్పింది.

ఇంతవరకు పుస్తకాల్లో ఉంది. మరి ఆ తోళ్లను పదును చేసింది ఎవరు? కాన్పూరులో తుమ్మ చెక్క నీళ్లలో చేతులు ముంచినవారిలో ఎక్కువ మంది దళితులు. మన పల్లెల్లో లందల దగ్గర తంగేడు చెక్కతో తోలు పదును చేసిన మన పెద్దల్లాగే, వారి పేర్లు ఏ ఫలకం మీదా లేవు. అయినా వారు తలవంచుకుని ఉండిపోలేదు. 1920లలో స్వామి అచ్యుతానంద్ నడిపిన ఆది హిందూ ఉద్యమానికి కాన్పూరు ఒక కేంద్రమైంది. అదే కాలంలో మన హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు అదే ఆది హిందూ పేరుతో పని చేశారు.

మిత్రులారా! నేల ఊడ్చిన పిల్లవాడు చదువుతో ఎదిగాడు. దానిని మనం గౌరవిద్దాం, మనమూ అలాగే చదువుదాం. కానీ ఎదిగిన తర్వాత మన పెద్దల చేతులను మరచిపోవద్దు. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు తాతను, అవ్వను కూర్చోబెట్టి వారు చేసిన పని గురించి అడిగి రాసుకుందాం. వచ్చే సంచికలో వారి పేర్లు అచ్చు వేద్దాం.