గుఱ్ఱము మేలెఱిగిన రౌతు: ఫెడెరికో కాప్రిల్లి

పాలమూరు, నల్లగొండ సీమలందు గుఱ్ఱపు సవారి యొకప్పుడు వింత కాదు. మంచి బాటలు లేని కాలమున రాళ్లగుట్టల నడుమ నొక యూరినుండి మఱియొక యూరికి పోవలసినవారు కొందఱు తట్టు గుఱ్ఱములమీద పోవుచుండిరి. వనపర్తి సంస్థానాధీశులైన మొదటి రాజా రామేశ్వరరావుగారు 19వ శతాబ్దమున ఆఫ్రికా జాతీయులగు రౌతుల దళము నొకదానిని పోషించిరి. ఆ దళము తరువాత నిజాము ప్రభువుల కొలువు చేరెను. హైదరాబాదులోని ఏ.సీ. గార్డ్సు పేటకు ఆ రౌతులవలననే యా పేరు కలిగినది.

నేడు ఈ ప్రాంతమున గుఱ్ఱము నెక్కు బాలురు మిక్కిలి కొలదిమంది. అట్టివారిలో నొకని తండ్రి కొంతకాలము క్రిందట మాయొద్దకు వచ్చెను. పదకొండేండ్ల తన కుమారుడు గుఱ్ఱముచే అడ్డుకఱ్ఱలను దాటించుట నేర్చుకొనుచున్నాడనియు, వానికై వాడిన జీనులు రెండింటిని చూచితిననియు, ఒకటి బాలునకు సరిపోవుననియు, రెండవది పెద్దదనియు చెప్పి, ఏది కొనవలెనని యడిగెను. మేము గుఱ్ఱముల సంగతి కొంత యెఱిగినవారమని యతని నమ్మకము. పెరుగు పిల్లవాడు గదా, చొక్కాయి వలెనే జీనును కొంచెము వదులుగా నుండిన మేలని తలచి, పెద్దదానినే కొనుడని చెప్పితిమి.

ఆ సలహా కీడు చేసెను. గుఱ్ఱము ఎగిరినప్పుడెల్ల బాలుడు వెడల్పాటి జీనుపై వెనుకకు జాఱి, పడిపోకుండుటకై పగ్గములను పట్టి వ్రేలాడుచు వచ్చెను. నోరు నొచ్చిన గుఱ్ఱము కొన్నాళ్లకు అడ్డుకఱ్ఱను చూచినంతనే నిలిచిపోవ నారంభించెను. తుద కొకనాడు అది హఠాత్తుగా నిలువగా బాలుడు ముందునకు పడి చేయి విఱుగగొట్టుకొనెను. తండ్రి గుఱ్ఱమును మొండిదని నిందించెను. బాలుడు తన్ను తానే పిఱికివానినిగా నెంచుకొనెను. తప్పు ఆ యిరువురిది కాదు, మాది. మా తప్పెట్టిదో తెలిసికొనుటకై వెదకగా మాకు తటస్థపడినది ఇటలీ దేశపు సైనికోద్యోగి యగు ఫెడెరికో కాప్రిల్లి జీవితము. జీను నెట్లు చూడవలెనో ఆయన జీవితమే మాకు నేర్పెను. కావున దానిని మా పత్రిక చదువరుల ముందుంచుచున్నాము.

కాప్రిల్లి 1868వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఇటలీలోని లివోర్నో యను రేవుపట్టణమున జన్మించెను. చిన్ననాటనే సైనికవృత్తి నవలంబింప నిశ్చయించుకొని, మోదెనా పట్టణపు సైనిక కళాశాలలో చదివి, అశ్వసైన్యమున చేరెను. ఆ పిమ్మట పినెరోలో అశ్వసైన్య పాఠశాలయందును, రోమునగరమునకు చేరువనున్న తోర్ ది క్వింతో పాఠశాలయందును సవారి నభ్యసించెను. ఆ దినములలో రౌతు లందఱును నేర్చుకొనిన పద్ధతి యొకటి గలదు. గుఱ్ఱము అడ్డు నెగిరి దాటునప్పుడు రౌతు తన దేహమును వెనుకకు వాల్చి, పాదములను ముందునకు చాచి, పగ్గములను గట్టిగా లాగిపట్టవలెను. అట్లు చేసినచో గుఱ్ఱపు ముందుకాళ్లపై బరువు తగ్గుననియు, అది వెనుకకాళ్లపై క్షేమముగా దిగుననియు గురువుల నమ్మకము.

కాప్రిల్లి ఈ మాటను నమ్మి యూరకుండక, గుఱ్ఱమునే యడిగి చూచెను. అనగా, మీద రౌతు లేకుండ స్వేచ్ఛగా అడ్డులు దాటు గుఱ్ఱములను ఓపికతో పరిశీలించెను. ఛాయాచిత్రములను గూడ దీసి పరీక్షించెను. అప్పు డాయనకు కనబడిన దేమనగా, గుఱ్ఱము ఎగురునప్పుడు మెడను ముందునకు చాచి తలను దించును. వెన్నును విల్లువలె వంచును. నేలకు దిగునప్పుడు ముందుకాళ్లపైననే దిగును. రౌతు వెనుకకు వాలి పగ్గములు లాగుటవలన గుఱ్ఱమునకు సాయము కలుగుటకు మాఱు, దాని మెడకు సంకెలయు, నోటికి గాయమును, వెన్నునకు దెబ్బయు కలుగుచుండెను. చంకనున్న బిడ్డ వెనుకకు వాలి కొట్టుకొన్నచో తల్లి నడక తడబడును. ఒదిగి కూర్చున్నచో బరువే తోచదు. గుఱ్ఱము సంగతియు నట్టిదే.

ఇట్లు తెలిసికొని కాప్రిల్లి క్రొత్త పద్ధతి నేర్పఱచెను. రికాబుల వారులను పొట్టిచేసి, మోకాళ్లను ముందునకు తెచ్చి, రౌతు తన నడుమును జీనునుండి కొంచెము పైకెత్తి, దేహమును గుఱ్ఱపు కదలికతో ముందునకు వంచవలెను. చేతులు గుఱ్ఱపు నోటి వెంట పోవలెను గాని దానిని వెనుకకు లాగరాదు. ఒక్కమాటలో చెప్పవలెనన్న, రౌతు గుఱ్ఱమునకు అడ్డురాకుండుటయే యా విద్యకు మూలము.

పెద్దల మాట కెదురుగా పోవువాని కెల్లెడల కష్టములే. పూర్వపద్ధతియందు పెరిగిన యధికారులు చాలకాలము ఆయన మాటను చెవినిబెట్టరైరి. ఆయన దక్షిణ ఇటలీకి బదిలీ చేయబడెను. అయినను అచ్చటి సాధారణ సైనికులకే తన పద్ధతిని నేర్పి, దాని ఫలమును కన్నులార చూచెను. 1901వ సంవత్సరమున తన సూత్రములను ఇటలీ అశ్వసైన్య పత్రికలో ప్రకటించెను. 1902లో తూరిన్ నగరమున మెలోపో యను గుఱ్ఱముపై 2 మీటర్ల 8 సెంటీమీటర్ల యెత్తు దాటెను.  వాదముతో లొంగనివారు ఆ దృశ్యముతో లొంగిరి. ఆయన మరల పినెరోలో, తోర్ ది క్వింతో పాఠశాలలకు శిక్షకుడుగా పిలువబడెను. పలుదేశముల సైనికోద్యోగులు ఆ విద్యకై ఇటలీకి రాసాగిరి.

కాని యాయన యాయువు కొంచెము. 1907వ సంవత్సరము డిసెంబరు మాసమున తూరిన్ నగరమున గుఱ్ఱముపై మెల్లగా పోవుచు, క్రిందపడి, తలకు దెబ్బ తగిలి మరణించెను. అప్పటికి వయస్సు 39 ఏండ్లు. రెండు మీటర్ల యెత్తును దాటినవాడు నడకలో పడి మరణించుట దైవఘటన యనక యేమందుము? ఆయన తన విద్యను పూర్ణగ్రంథముగా వ్రాయలేదు. శిష్యులే దానిని నిలిపిరి. 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్కు క్రీడలలో అడ్డులు దాటు పందెమున ఇటలీ రౌతు తొమ్మాజో లెక్వియో స్వర్ణపతకము గెలుచుకొనెను. 1930ల దశకమున పియెరో సాంతీని యను నాయన ఇంగ్లీషున పుస్తకములు వ్రాసి ఆ పద్ధతిని లోకమునకు తెలియజేసెను.

ఇక జీను మాట. పూర్వపు జీనుల ప్రక్కపొరలు నిలువుగా క్రిందికి కోయబడియుండెను. అవి కాళ్లు చాచి వెనుకకు కూర్చుండువారికి తగినవి. కాప్రిల్లి పద్ధతిని కూర్చుండిన రౌతు మోకాలు ఆ పొరను దాటి ముందునకు వచ్చెడిది. అందుచేత ప్రక్కపొరలు ముందునకు సాగి, మోకాలికి ఆనిక గల జీనులు పుట్టెను. 20వ శతాబ్ది మధ్యమున ఇలియాస్ తొప్తానీ యను నాయన కూర్చుండు తావు లోతుగాను, తొడలనడుమ సన్నముగాను, రౌతు గుఱ్ఱమునకు దగ్గఱగా నుండునట్లును జీనును దిద్దెను. నేడు అడ్డులు దాటుటకు వాడు జీనులన్నియు ఆ వంశమునకు చెందినవే. ముందునకు వంగిన రౌతును నిలుపుటయే యా జీను పని. బాలుడు దానిలో వెనుకకు జాఱినయెడల అది పాతపద్ధతినే మరల తెచ్చిపెట్టును. మేము చేసిన తప్పు సరిగా నిదియే.

కావున వాడిన జీనును కొనువారు ఈ క్రింది సంగతులను గమనింపవలెనని కోరుచున్నాము. మొదట గుఱ్ఱమును చూడుడు. జీనును క్రింద దుప్పటి లేకుండ వీపుపై నుంచి, బాలుని కూర్చుండబెట్టినప్పుడు, మూపునకును జీనుకును నడుమ రెండు మూడు వ్రేళ్లు దూరవలెను. వెన్నెముకపై నెచ్చటను ఒత్తిడి యుండరాదు. పిదప బాలుని చూడుడు. రికాబులను పొట్టిచేసి కూర్చుండినప్పుడు వాని వెనుక పెద్దవాని బెత్తెడు చోటు మిగిలిన చాలును. మోకాలు ప్రక్కపొరపైననే యుండవలెను. పెరుగు బాలునకు తొడ పొడవగును; కావున మోకాలు పొర యంచును దాటుట జీను చిన్నదైనదనుటకు గుర్తు. అర అంగుళము ఎక్కువ యున్న తప్పులేదు. రెండంగుళములు ఎక్కువ యున్న ముప్పు.

మూడవది, లోపలి చట్రము. జీను ముందుభాగమును తొడకానించి, వెనుక యంచును రెండుచేతుల మీదికి లాగుడు. నడుమ మెత్తగా మడతపడినను, కిఱకిఱ లాడినను, చట్రము విఱిగినదని యెఱిగి యెంత చౌకయైనను విడిచిపెట్టుడు. వెనుకనుండి చూచినప్పుడు ఇరుప్రక్కలును సమముగా నుండవలెను. తంగుపట్టీలను వంచి, పగుళ్లున్నవేమో చూడుడు. కుట్టు సడలినదేమో లాగి చూడుడు. పట్టీలను మార్పించుకొనవచ్చును, లోని ఉన్నిని మరల నింపించుకొనవచ్చును. విఱిగిన చట్రమును మాత్రము కొనరాదు. రికాబువారు తగిలించు ఇనుపకొక్కెములు పడిపోవు రౌతును విడిచిపెట్టునట్లు తెఱచియుండవలెను.

ఇంతయు ఖర్చు గదా, రెండేండ్లకొక జీను కొనగలమా యని తల్లిదండ్రు లనవచ్చును. వాడిన జీనునకు గల మేలిదే: మంచి తోలుది, చట్రము చెడనిది, తిరిగి యించుమించు కొన్న వెలకే యమ్ముడుపోవును. ఐదేండ్లకు సరిపోవునని కొన్న పెద్ద జీను, మొదటి మూడేండ్లు బాలుని చెఱచును.

ఆ బాలుని చేయి కుదిరినది. తండ్రి పెద్దజీను నమ్మి, మొదట చూచిన చిన్నదానికి జోడైనదానిని కొనెను. గుఱ్ఱము కఱ్ఱయొద్ద నిలిచిపోవుట మానుటకు కొన్నిమాసములు పట్టెను. నోటినొప్పిని గుఱ్ఱము త్వరగా మఱచునది కాదు. మేము బాలునియెదుట మా తప్పు నొప్పుకొంటిమి. పిఱికివాడవు నీవు కావు, నిన్ను వెనుకకు లాగినది మా సలహా యని చెప్పితిమి.

ప్రియ విద్యార్థులారా, కాప్రిల్లి గొప్పతనము ఎత్తు దాటుటయందు లేదు. గుఱ్ఱము నిలిచినప్పుడు లోకమంతయు గుఱ్ఱమును కొట్టుచుండగా, ఆయన రౌతు నెట్లు కూర్చున్నాడని చూచెను. నోరులేని జీవియైనను, చిన్నబాలుడైనను తడబడినప్పుడు, మనమే బరువైతిమేమోయని మొదట మనలను చూచుకొనుట యాయన జీవితము మనకు నేర్పు పాఠము.