బలసాధకులు, బోధకులు: శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారు

కలియుగ భీముడని లోకమున బేరొందిన శ్రీ కోడి రామమూర్తి నాయుడుగారి నామము విననివారు మనలో నరుదు. వారు ఇనుప గొలుసులను దెంచుటయు, ఏనుగును ఱొమ్ముపై నెక్కించుకొనుటయు, మోటారుకారును గదలకుండ నిలుపుటయు మన పిల్లలు సైతము కథలుగా జెప్పుకొందురు. అయితే ఆ మహాబలుడు సర్కసు గుడారమున బ్రవేశించుటకు ముందు బడిలో వ్యాయామోపాధ్యాయుడుగా నుండెనని స్మరించువారు కొలదిమందియే. బోధనవృత్తిలో వృద్ధులమైన మేము ఆ యంశమునే పాఠకమహాశయులకు విన్నవింప దలచితిమి.

నాయుడుగారు 1880వ దశకపు టారంభమున వీరఘట్టమున జన్మించిరి. ఆ యూరు 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలో జేరియున్నది. బాల్యముననే మాతృవియోగము కలిగెను. తండ్రి వెంకన్న నాయుడుగారు కుమారుని విజయనగరమున నున్న తమ సోదరులు నారాయణస్వామిగారి చెంతకు బంపిరి. అచ్చట బాలుని మనస్సు పుస్తకములకంటె తాలింఖానాయందే లగ్నమయ్యెను. పిమ్మట వారు మద్రాసు చేరువనున్న సైదాపేటలో నొక సంవత్సరము వ్యాయామశిక్షణ పొంది, పట్టా గైకొని, విజయనగరమునకు మరలివచ్చి ఉన్నత పాఠశాలలో శిక్షకులైరి. పుట్టుబలము గలవారు సైతము గురువునొద్ద క్రమముగా నేర్చిన పిదపనే పరులకు నేర్పబూనిరని మనము గ్రహింపవలెను.

తరువాత సర్కసు నెలకొల్పి దేశవిదేశములందు ఖ్యాతి నార్జించిరి. వారు శాకాహారులు, ప్రాణాయామము నభ్యసించినవారు. కడపటి దినములను ఒడిస్సాలోని బలంగీరునందు గడపి 1942లో స్వర్గస్థులైరి.

ఈ చరితము వినిన బాలుడు వెంటనే బరువు నెత్తజూచును. ఎత్తుటకు దగిన యన్నము వాడు తినెనా యని మన మడుగము. మా యుద్యోగకాలమున నొక బాలుడు పరుగుపందెపు సాధనలో మాటిమాటికి వెనుకబడుచుండగా సోమరి యని మందలించితిమి. వాడొకనాడు కన్నులు దిరిగి పడిపోయిన పిదప, ఉదయమున గంజి తప్ప మఱేమియు నెఱుగడని తెలిసినది. ఆ తప్పు వానిది కాదు, మాది. నేటికిని ఆ ముఖము మఱపునకు రాదు.

కావున మన వసతిగృహములందు బలసాధన నెలకొల్పదలచు దాతలకు మా మనవి యిది. పరికరములకు విశేషధనము వలదు: మెత్తని యెఱ్ఱమట్టి గోదా, వ్రేలాడుటకు గడ్డీ, ఎగబ్రాకుటకు మోకు, కొన్ని సంగడములు చాలును. పిల్లలు ముందుగా దండీలు, బస్కీలు సరియైన తీరున నేర్చి, శిక్షకుని కనుసన్నలలో క్రమక్రమముగా బరువులకు బోవలెను. సాధన దినములకు నడుమ విశ్రాంతియు, రాత్రి చాలినంత నిద్రయు నుండవలెను.

ఇక నాహారము. నూరు గ్రాముల వేరుశనగపప్పులో నించుమించు 25 గ్రాముల మాంసకృత్తులు గలవు. అన్నముతో బప్పు చేరినచో నొకదాని లోపమును రెండవది పూరించును. రాగిజావ, పాలు, నానిన శనగలు, తినువారికి గ్రుడ్లు సమకూర్చినచో శాకాహారికిగాని మాంసాహారికిగాని లోపముండదు. ఈ వ్యయము పరికరములవలె నొకసారితో దీరునది కాదు, ప్రతిదినమును జరుగవలసినది. అందుచేతనే దీనికి దాతలు తక్కువ.

నాయుడుగారికి విశాఖ సముద్రతీరమున విగ్రహమున్నది. శ్రీకాకుళమున వారి పేర క్రీడాప్రాంగణమున్నది. బడిపిల్లవాని చేతి పాలగ్లాసు మూడవ స్మారకము కావలెనని సభ్యులను, పోషకులను ప్రార్థించుచున్నాము.