మూసీ వరద - మోక్షగుండం విశ్వేశ్వరయ్య

1908 సెప్టెంబరు 28. ఎడతెగని వర్షానికి పొంగిన మూసీ నది హైదరాబాదు నగరంలోకి చొచ్చుకువచ్చింది. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయాయి. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ ఒక్కటే నిలిచింది. సుమారు పదిహేను వేలమంది మరణించారని అంచనా. అఫ్జల్‌గంజ్ వద్ద ఒక చింతచెట్టు ఎక్కినవారు నూట యాభైమంది బ్రతికి బయటపడ్డారట. నీరు తీశాక చూస్తే నది ఒడ్డున పల్లపు ప్రాంతాలలో మట్టి ఇళ్ళు కట్టుకొన్న నిరుపేదల బస్తీలు ఆనవాలు లేకుండా పోయాయి.

ఇట్టి దురవస్థలో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను ఆహ్వానించింది. అప్పటికి ఆయన బొంబాయి ప్రభుత్వోద్యోగం చాలించుకొని విదేశాలలో పర్యటిస్తున్నారు. పూర్వీకులు నేటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం గ్రామం నుండి తరలివెళ్ళిన తెలుగువారు. ఆయన పుట్టింది మైసూరు సీమలోని ముద్దెనహళ్ళిలో. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకొంటూ బెంగుళూరులో చదివి, పూనాలో ఇంజనీరింగు పూర్తి చేశారు. సింధు నది ఒడ్డునున్న సుక్కూరు పట్టణానికి మంచినీరు అందించారు. పూనా సమీపాన ఖడక్‌వాస్లా జలాశయానికి తమంతట తామే తెరుచుకొనే తలుపులు అమర్చారు. ఏడెన్ నగరానికి నీటి సరఫరా, మురుగు పారుదల పథకం రూపొందించారు.

1909లో హైదరాబాదు చేరిన విశ్వేశ్వరయ్య నగరంలోని శిథిలాలను చూచి ఊరుకోలేదు. వరద ఎక్కడినుండి వచ్చిందో తెలుసుకోవడానికి మూసీ, ఈసీ నదుల ఎగువ ప్రాంతాలను సర్వే చేయించారు. సుమారు 860 చదరపు మైళ్ళ ఆ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులున్నట్లు తేలింది. అంటే ఇంచుమించు చదరపు మైలుకొక చెరువు. వాటిలో 221 చెరువులకు గండ్లు పడ్డాయి. ఒక చెరువు తెగి దాని నీరు దిగువ చెరువుపై పడగా అదీ తెగింది. ఈ విధంగా పేరుకొన్న నీరే నగరాన్ని ముంచెత్తింది. సెకనుకు సుమారు నాలుగు లక్షల పాతికవేల ఘనపుటడుగుల ప్రవాహం అది.

అంతటి ప్రవాహం పట్టేటట్లు నదిని వెడల్పు చేయాలంటే నగరంలో ఎన్నో ఇళ్ళు కూల్చాలి. విశ్వేశ్వరయ్య సూచించిన మార్గం వేరు. నగరానికి ఎగువన మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచి, కొద్దికొద్దిగా విడిచిపెట్టాలన్నారు. నగరంలో నది గట్లను ఎత్తుచేసి వాటి వెంట ఉద్యానవనాలు పెంచాలన్నారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. వరదను ఆపడానికి తలపెట్టిన జలాశయాలే నగరానికి దాహం తీర్చాయి.

ఆయన నివేదికలో జనం అంతగా తలచుకోని భాగం మరొకటుంది. అది భూగర్భ మురుగుకాలువల పథకం. ఆనకట్టకు వచ్చే కీర్తి మురుగుకాలువకు ఎన్నడూ రాదు. అయినా కలరా, మలేరియా వంటి వ్యాధులు ముందుగా పట్టి పీడించేది ఇరుకు బస్తీలలో ఉండే పేదలనే. నీటి సరఫరా వలెనే మురుగు పారుదల కూడా నగరానికి తప్పనిసరి అని విశ్వేశ్వరయ్య ఎంచారు. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను తొలగించి, కొత్త రహదారులు వేసి, పేదలకు ఇళ్ళు కట్టించే పని చేపట్టింది. మురుగుకాలువల పని మాత్రం నెమ్మదిగా సాగింది. ఆ పనికై 1920ల్లో ప్రభుత్వం ఆయన సలహా మళ్ళీ కోరవలసివచ్చింది.

ఈలోగా ఆయన మైసూరులో చీఫ్ ఇంజనీరై, 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగరం అక్కడి ఆయన కృషికి పెద్ద గుర్తు. 1955లో భారతరత్న పురస్కారం లభించింది. నూరేండ్లు దాటిన వయస్సులో 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన జన్మదినమైన సెప్టెంబరు 15ను దేశమంతటా ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకొంటారు.

హైదరాబాదు పెరిగినకొద్దీ చుట్టుపక్కల చెరువులు కుదించుకుపోయాయి. కొన్ని చెరువుల శిఖం భూములలో ఇళ్ళు లేచాయి. 2020 అక్టోబరులో కురిసిన భారీ వర్షాలకు పాతబస్తీ దాపున గుర్రం చెరువు కట్ట తెగింది. దిగువ కాలనీల వారు మళ్ళీ నడుములోతు నీళ్ళలో నిలబడ్డారు.