ఘనపదార్థాల గుట్టు విప్పిన ఆచార్య రంగధామరావు

బీరువాలో బట్టల మధ్య ఉంచే ఘాటు వాసన గల తెల్లని గోళీలలో కొన్నింటిని పారా డైక్లోరోబెంజీన్ అనే పదార్థంతో తయారు చేస్తారు. దాని స్ఫటికంలోని క్లోరిన్ కేంద్రకాలు గది ఉష్ణోగ్రత వద్ద సుమారు 34 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను శోషించుకుంటాయి. షార్ట్‌వేవ్ ప్రసారాల పరిధికి కొద్దిగా పైన ఉండే తరంగాలివి. ఇటువంటి శోషణను కొలిచి ఘనపదార్థం లోపలి అమరికను తెలుసుకునే విద్యకు విశాఖ తీరంలో పాదు వేసినవారు ఆచార్య కొచ్చర్లకోట రంగధామరావు.

ఆయన 1898 సెప్టెంబరు 9న బరంపురంలో జన్మించారు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. విజయనగరంలో విద్యాభ్యాసం సాగించిన ఆయన, పై పరిశోధనలకై ఇంగ్లండు వెళ్లి ప్రసిద్ధ వర్ణపట శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ ఫౌలర్ వద్ద పనిచేశారు. ఆర్సెనిక్, జెర్మేనియం వంటి మూలకాల పరమాణువులు ఎలక్ట్రాన్లను కోల్పోయినప్పుడు వెలువరించే కాంతిని విశ్లేషించి పేరు గడించారు.

1930ల తొలినాళ్లలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో విజ్ఞానశాస్త్ర శాఖలు రూపుదిద్దుకుంటున్నాయి. రంగధామరావు వాల్తేరు చేరి అక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలకు తన జీవితాన్ని అంకితం చేశారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విశ్వవిద్యాలయం గుంటూరుకు తరలవలసి వచ్చింది. యుద్ధానంతరం తిరిగి వాల్తేరులో పరిశోధనలు ఊపందుకున్నాయి.

ఇంతలో ప్రపంచ విజ్ఞానరంగంలో పెద్ద మార్పు వచ్చింది. 1946లో అమెరికాలో బ్లాక్, పర్సెల్ బృందాలు వేర్వేరుగా కేంద్రక అయస్కాంత అనునాదాన్ని, అంటే ఎన్ఎంఆర్‌ను, ప్రకటించాయి. 1950లో జర్మనీలో డెమెల్ట్, క్రూగర్ ఘనరూపంలోని ఒక క్లోరిన్ సమ్మేళనంలో కేంద్రక చతుర్ధ్రువ అనునాదాన్ని కనుగొన్నారు. దీనినే ఎన్‌క్యూఆర్ అంటారు.

ఈ రెండింటికీ ముఖ్యమైన భేదం ఉంది. ఎన్ఎంఆర్‌కు బలమైన, అన్నిచోట్లా ఒకే తీరుగా ఉండే అయస్కాంతక్షేత్రం కావాలి. అటువంటి అయస్కాంతం ఖరీదైనది. ఎన్‌క్యూఆర్‌కు అది అక్కరలేదు. క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్ వంటి వాటి కేంద్రకాలలో విద్యుదావేశం పరిపూర్ణ గోళంలా పరచుకొని ఉండదు. చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల విద్యుత్‌క్షేత్రమే వాటిని ప్రభావితం చేస్తుంది. రేడియో వాల్వులతో కూర్చిన ఆసిలేటర్‌తో ఆ స్పందనను పసిగట్టవచ్చు. పరిమిత వనరులు గల ప్రయోగశాలకు ఇది అందుబాటులోని మార్గం.

అప్పటికే పరమాణు వర్ణపటాలలో పేరు పొందిన రంగధామరావు, యాభై ఏళ్లు దాటిన వయస్సులో ఈ కొత్త రంగం వైపు దృష్టి మళ్లించారు. శిష్యులను అందులో తీర్చిదిద్దారు. ఆ పని సులభమైనది కాదు. సంకేతం బలహీనంగా ఉంటుంది. ఏ పౌనఃపున్యం వద్ద దొరుకుతుందో ముందుగా కచ్చితంగా తెలియదు. విస్తృత పరిధిలో ఓపికగా వెతకాలి. దొరికిన పిమ్మట మాత్రం అది ఎంతో చెబుతుంది. ఒకే రకం కేంద్రకానికి రెండు రేఖలు కనిపిస్తే, స్ఫటికంలో ఆ పరమాణువులు రెండు భిన్న స్థానాలలో ఉన్నాయని సాధారణంగా గ్రహించవచ్చు. వేడిచేసినప్పుడు రేఖ ఒక్కసారిగా మారితే, స్ఫటికనిర్మాణమే మారి ఉండవచ్చు. పదార్థం కరిగి ద్రవమైతే అణువుల వేగవంతమైన భ్రమణం వలన ఆ రేఖ మాయమవుతుంది. అందుకే ఇది ప్రధానంగా ఘనపదార్థాల శాస్త్రం.

పరిశోధనతో పాటు విశ్వవిద్యాలయ కళాశాలల ప్రిన్సిపాల్ బాధ్యతలను కూడా ఆయన నిర్వహించారు. 1972 జూన్ 20న కన్నుమూశారు. భారత జాతీయ విజ్ఞాన అకాడమీ 1979లో ఆయన పేరిట స్మారకోపన్యాస పురస్కారాన్ని నెలకొల్పింది. వర్ణపటశాస్త్రంలో విశిష్ట కృషి చేసినవారి కోసం దీనిని ఉద్దేశించారు.

నేల లోపల దాగిన మందుపాతరలలోని నైట్రోజన్ సమ్మేళనాలను గుర్తించేందుకు, ఔషధాల స్ఫటికరూపాలను పరీక్షించేందుకు ఎన్‌క్యూఆర్‌ను నేడు వినియోగిస్తున్నారు. ఖరీదైన పరికరాల కోసం ఎదురుచూస్తూ కూర్చోక, అందుబాటులో ఉన్న సాధనాలతోనే లోతైన ప్రశ్నలు వేయవచ్చునని వాల్తేరు ప్రయోగశాల నిరూపించింది. రంగధామరావు తరువాతి తరాలకు అందించిన అసలైన వారసత్వం అదే.