పేరు తెలియని మొక్క - విలియం రాక్స్‌బర్గు

తొలకరి వానలు పడిన పిమ్మట ఉయ్యూరులో ఏ యింటి పెరటిలోనైనను, ఎవరును నాటని మొక్క యొకటి తలయెత్తుట వింత కాదు. పొలము పనికి వచ్చిన వాడొక పేరు చెప్పును. పొరుగింటి ముసలమ్మ వేఱొక పేరు చెప్పును. కలుపు మొక్కయని ఒకరు పెఱికివేయబోదురు. మందుమొక్క యేమోయని మఱొకరు వారింతురు. బడిపిల్లవాడు ఆకు త్రుంచి పంతులుగారికి చూపును. ఆకు నొక్కదానిని చూచి పంతులుగారు మాత్రము ఏమి చెప్పగలరు?

ఈ చిక్కునే జీవితకార్యముగా స్వీకరించిన వైద్యుడొకడు మన తెలుగుసీమలో నివసించెను. అతడు విలియం రాక్స్‌బర్గు. 1751లో స్కాట్లండు దేశమున జన్మించెను. ఎడింబరోలో జాన్ హోప్ అను ఆచార్యుని వద్ద వృక్షశాస్త్ర మభ్యసించెను. 1776లో తూర్పు ఇండియా కంపెనీ వారి వైద్యుడుగా మదరాసు కొలువులో చేరెను. 1781 మొదలు పండ్రెండేండ్లు గోదావరి కావలనున్న సామర్లకోటలో ఉండి, అచ్చటి కంపెనీ తోటను సాకెను.

కంపెనీ కోరినది లాభము. అందుకొఱకే మిరియపు తీగను, నీలిని, పట్టుపురుగులకు వలయు మల్బరీని అతడు పరీక్షించెను. రాజమహేంద్రవరపు రైతులు చెఱకు నాటు విధమును, బెల్లము వండు విధమును గూడ శ్రద్ధతో గమనించి వ్రాసెను. అయినను అతని మనస్సు ధరలేని గడ్డిపోచ మీద సైతము నిలిచెడిది. ఉత్తర సర్కారులను కఱవు పీడించినప్పుడు, ప్రజల కాధారముగా కొబ్బరి, పనస మొదలగు చెట్లను విరివిగా పెంచవలెనని పాలకులకు సూచించెను.

1787లో కోరంగి, ఇంజరము తీరమును ఉప్పెన ముంచివేసెను. అతడు సేకరించిన మొక్కలు, గ్రంథములు, కాగితములు నీటి పాలయ్యెను. మఱొకడైనచో పని చాలించి స్వదేశమునకు మరలియుండును. అతడు మొదటినుండి తిరిగి ప్రారంభించెను.

అతని పద్ధతి తెలిసికొనదగినది. మొక్క పూచువఱకు ఓపిక పట్టవలెను. పూవును విప్పి కేసరములను లెక్కింపవలెను. కాయను కోసి గింజలను చూడవలెను. ఈ దేశపు చిత్రకారుల చేత ఉన్నదున్నట్లు బొమ్మ వ్రాయించవలెను. అంతటితో ముగియదు. ఆ మొక్కతో బ్రతుకు జనులు దానినేమందురో అడిగి, ఆ పేరును గూడ వ్రాసికొనవలెను.

ఇట్లు సిద్ధమైన అయిదువందల చిత్రములను లండనుకు పంపగా, వానిలో 300 ఎన్నిక చేయబడి, కోరమాండలు తీరపు మొక్కలను గూర్చిన మూడు సంపుటములుగా 1795, 1820ల నడుమ వెలువడెను. అతడు వ్రాసికొన్న తెలుగు పేర్లు వృథా పోలేదు. ఆకులు కానరాక, పలకలు దీరిన కాడలు గల కారల్లము పేరు నుండి రాబర్టు బ్రౌను ‘కారల్లుమా’ అను ప్రజాతి నామమును చేసెను. జ్వరమునకు బెరడు వాడు సోమిద చెట్టు పేరు ‘సోయ్‌మిడా’యై 1830లో శాస్త్రమున స్థిరపడెను. నేడు ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఈ చెట్టును మన పల్లెవాని మాటతోనే పిలువవలెను.

1793లో అతడు కలకత్తా ఉద్యానమున కధికారియై వెడలెను. ఇరువదేండ్లు శ్రమించి, ఆరోగ్యము చెడి, 1813లో ఓడనెక్కెను. 1815లో ఎడింబరోలో మరణించెను. అతని మహాగ్రంథము ‘ఫ్లోరా ఇండికా’ను అతడు అచ్చులో చూడలేదు. మిత్రుడైన విలియం కేరీ 1832లో దానిని పూర్తిగా ప్రకటించెను.

రాక్స్‌బర్గు పేరు పెక్కు మొక్కల నామములలో నిలిచినది. సోమిదను చూపి పేరు చెప్పిన వాని పేరు మాత్రము మనకు దక్కలేదు. అతడు చెప్పిన మాట మిగిలినది. అడిగిన వాడుండుట చేతనే మిగిలినది. పెరటిలోని క్రొత్త మొక్కను విద్యార్థి పెఱుకక, పూచువఱకు కాచి, ముందుగా ముసలమ్మ నడుగవలెను. ఆమె నెవరును అడుగనిచో ఆ పేరు ఆమెతోనే పోవును.